గవర్నర్ నెత్తిన చీటీ

ఎండిన మొక్కల్ని అట్టలకు అతికించి దాచే ఆ గదిలో అతనిది ముప్పై రెండేళ్ళ నౌకరీ. అందరికీ జిగురు బాబాయే. పొద్దున్నే మైదాపిండి జిగురు కాచుకోనిదే చేతులాడవు. కొత్తగా వచ్చిన మేడమ్‌కు అది గిట్టదు. "పురుగు పడుతుంది. సీసా జిగురు వాడండి. ఇంకొక్క అట్ట పాడైతే బల్ల వదిలి గేటు దగ్గర కూర్చుంటారు" అని కరాఖండిగా చెప్పేసింది.

ఆ వారమే తురాయి కొమ్మల అట్టలు పన్నెండు వచ్చిపడ్డాయి. పోయిన్సియానా అన్న పాత శాస్త్రీయ నామం పోయి, డెలోనిక్స్ వచ్చింది. కొత్త పేరు చీటీని పాతదాని పక్కన అంటించాలి. పాతదాన్ని కప్పకూడదు. కొమ్మ ఎక్కడ కోశారో, ఎప్పుడు కోశారో అందులోనే ఉంటుంది మరి.

బాబాయి పన్నెండూ చకచకా అంటించేశాడు. పక్క బల్ల మీద మొక్కల బొమ్మలు గీసే అక్క తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో బాబాయ్! గవర్నర్‌ని కప్పెట్టేశావే!"

"ఏ గవర్నరే?"

"పాత పేరు ఆయన మీద పెట్టిందేగా. ఎక్కడో దీవులు ఏలాడట."

"ఏలితే? చెట్టుకి చెంబెడు నీళ్ళు పోశాడా? కొత్త పేరే నయం. కొట్టొచ్చినట్టు కనబడే గోరు అని అర్థం. పూరేకు మొదలు చూడు, సన్నగా గోరులా ఉండదూ?" అంటూ కళ్ళజోడు తీసి తుడవబోయాడు. అది తనది కాదు, భార్యది. అట్టని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తే, కొత్త చీటీ సరిగ్గా పాతదాని మీదే ఉంది.

"బీరువాలో పెట్టెయ్, ఎవరు చూడొచ్చారు?" అంది అక్క.

"నేను చూశానుగా" అని, అట్టలన్నీ ఎత్తుకుని నేరుగా మేడమ్ గదికి వెళ్ళాడు.

ఆమె మొహం ఎర్రబడింది. "ఏ జిగురుతో అంటించారు?"

"మైదాదేనమ్మా. మీ మాట వినలేదు. పైగా మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకొచ్చా."

ఆమె ఇంకేమీ అనకముందే తడిగుడ్డ తీసి మొదటి చీటీ మీద పరిచాడు. కాసేపాగి అంచు పట్టి లాగితే, చీటీ మెత్తగా ఊడొచ్చింది. అడుగున నల్ల సిరాతో గవర్నర్ చెక్కు చెదరకుండా ఉన్నాడు.

"సీసాదైతే ఈయన కూడా చిరిగొచ్చేవాడమ్మా."

పన్నెండూ ఊడేదాకా మేడమ్ కుర్చీలోంచి కదల్లేదు. చివరికి అడిగింది.

"మరి పురుగులో?"

"చిటికెడు మైలుతుత్తం వేస్తా. వాటి తాతలు కూడా రారు."

ఆమె సీసాల పెట్టెను కాలితో బల్ల కిందికి నెట్టింది. "ముందు ఆ కళ్ళజోడు ఇంట్లో ఇచ్చి, మీది తెచ్చుకోండి. బల్ల ఎక్కడికీ పోదు."