తాళం ముఖం ఎవరూ చూడలేదు

మా కంపెనీ హాకీ టీమ్‌కు ఒక గోల్‌కీపర్ ఉండేవాడు. అతన్ని మేం తాళం అని పిలిచేవాళ్లం. గోల్‌కు తాళం వేసి చెవి జేబులో పెట్టుకుంటాడని మాలో ఒకాయన పెట్టిన పేరు అది. అసలు పేరు ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నేను గల్ఫ్ దేశంలో, సీబ్ అనే ఊళ్లో ఏసీ డక్టులు బిగించే పనిలో ఉన్నాను. వారమంతా కొత్త విల్లాల పైకప్పుల కింద, రేకుల మధ్య వెల్లకిలా పడుకుని పని. శుక్రవారం ఒక్కటే మాది. ఆ రోజు కొందరు మత్రా బజారుకు పోతారు, కొందరు రూమ్‌లోనే ఫోన్ పట్టుకుని దొర్లుతారు. నాకు హాకీ పిచ్చి పట్టింది. ఊళ్లో ఉండగా హాకీ కర్రను ముట్టుకున్న పాపాన పోలేదు. ఇక్కడికొచ్చాక, ఆటల్లో గెలుపోటములు అక్కడికక్కడే తేలిపోతాయి కాబట్టి కాబోలు, అది నన్ను వదల్లేదు.

గ్రౌండ్‌లో ఆఫీసు వాళ్లు కూర్చునే నీడ స్టాండు ఒకవైపు. గోల్ వెనక వల, ఆ వల వెనక ఎండకు కాగే సిమెంటు మెట్లు. ఆ మెట్లు మావి. మేం ఎప్పుడూ ఒకేచోట కూర్చునే ముగ్గురం. నేను ఒకణ్ని. రెండో ఆయన నిజామాబాద్ వైపు నుంచి నాకన్నా చాలా ముందు వచ్చిన ఎలక్ట్రీషియన్. మేం కాకా అంటాం. తాళం అని పేరు పెట్టింది ఆయనే. మూడో ఆయన సీబ్ బజారులో సెలూన్ నడిపే హైదరాబాదీ భాయ్.

ఆటకు ముందు పచ్చటి మ్యాట్ మీద నీళ్లు కొట్టేవాళ్లు. పొద్దువాలే ఎండకు అది సన్నగా పొగలు కక్కేది. మిగతా ఆటగాళ్లందరూ పరుగెత్తుకుంటూ వచ్చేశాక, ఆ ఆవిరిలోంచి తాళం చివరగా, ఒక్కడే, నెమ్మదిగా వచ్చేవాడు. కాళ్లకు దిండ్లంత ప్యాడ్లు, చేతులకు పెద్ద గ్లౌజులు, తలకు ఇనప జాలీ ఉన్న హెల్మెట్. గోల్ దగ్గర ఆగి కర్రతో ఎడమ స్తంభాన్ని రెండు దెబ్బలు, కుడి స్తంభాన్ని ఒక దెబ్బ కొట్టేవాడు. అప్పుడు నేను వల దగ్గరికి పోయి, "తిన్నవా?" అని అరిచేవాణ్ని. వెనక్కి తిరక్కుండానే ఎడమ గ్లౌజు పైకెత్తి, "తిన్న్యాలే బ్బా" అనేవాడు. కడప మాట. అంతే మా స్నేహం. ఆటగాళ్లను వేరే విల్లాలో ఉంచేవారు, వేరే బస్సులో తెచ్చి తీసుకుపోయేవారు.

సీజన్ మధ్యలో తాళం కాంట్రాక్టు అయిపోతోందని క్యాంపులో తెలిసింది. అతని కాగితం మీద ఉన్నది స్టోర్ హెల్పర్ అని. ఈసారి గోల్‌కీపర్ అని రాయమన్నాడట. భార్యను, బడికెళ్లే వయసొచ్చిన కూతురిని తెచ్చుకోవడానికి ఫ్యామిలీ వీసా కూడా ఇప్పించమన్నాడట. ఆ కబురుతో మా మెట్ల మీద కోర్టు మొదలైంది.

"పెండ్లాం పిల్లను తెచ్చుకుంట అన్నడు. గదేమన్న తప్పా?" అన్నాను నేను.

"తప్పని ఎవలన్నరు? ఇయ్యాల ఆనికిస్తే రేపు ఫార్వర్డ్ అడుగుతడు, ఎల్లుండి నువ్వడుగుతవు. మేనేజర్ కుర్సీల నేనున్నా ఇయ్య," అన్నాడు కాకా.

"నువ్వు కుర్సీల లేవు కాకా. నిచ్చెన మీదున్నవు. మేనేజర్ బాధ నీకెందుకు?"

కాకా నవ్వాడు గాని మాట మార్చుకోలేదు. మంచి ఆటగాణ్ని ఎప్పుడూ కొంచెం ఆకలితో ఉంచాలని ఆయన సిద్ధాంతం. నాకు ఒళ్లు మండిపోయింది. కప్పు గెలిస్తే కంపెనీది, గోల్ పడితే స్టోర్ హెల్పర్‌దా అని అడిగాను. భాయ్ మా ఇద్దరి మధ్యకి చెయ్యి చాపాడు.

"అరె సునో. మీ మేనేజ్‌మెంట్ కాదనదు, ఔననదు. బుక్రా అంటది. రేపు రా, మల్ల రేపు రా. వీసా ఖతమయ్యే దినం దాకా గట్లనే అంటది. గప్పుడు తాళం ఏ కాగితమిచ్చినా దస్కత్ వెడ్తడు. నా కుర్చీల కూసోని గడ్డం గీకించుకునేటోల్లంతా చెప్పే కహానీ గిదే."

అలా వాదించుకుంటూనే ఉన్నాం. నేను మనసులో మాత్రం ఆ పాప గురించే అనుకునేవాణ్ని. మెట్ల మీద నా పక్కన కూర్చుని వాళ్ల నాన్నను చూపించమంటే, ఆ జాలీ వెనక ఉన్నాడు చూడు అని చెప్పాలి కదా అని నవ్వొచ్చేది.

వీసా గడువు దాటిన శుక్రవారం నేను గుండె చిక్కబట్టుకుని వెళ్లాను. ఆవిరిలోంచి తాళం వచ్చాడు. ఎడమ స్తంభానికి రెండు, కుడిదానికి ఒకటి. మెట్లన్నీ లేచి అరిచాయి. దిగొచ్చింది కంపెనీయా, తాళమా అని కాకా, భాయ్ అప్పుడే వాదన మొదలుపెట్టారు. నేను వల దగ్గరికి పోయి, "తిన్నవా?" అన్నాను. గ్లౌజు వెంటనే లేవలేదు. హెల్మెట్ కోచ్ ఉన్న వైపు తిరిగింది. తర్వాత ఎడమ గ్లౌజు పైకి లేచింది. మాట రాలేదు.

ఆ ఆటలో ఒక్క గోల్ కూడా పడలేదు. అయినా నా చూపు బంతి మీద నిలవలేదు. అంతకుముందు స్తంభాలను పరధ్యానంగా కొట్టేవాడు, ఇంటి తలుపు కొట్టినట్టు. ఇప్పుడు లెక్క తప్పుతుందేమోనని కొట్టాడు.

మరుసటి శుక్రవారం ఉండబట్టలేక అడిగాను. "కాకా, తాళం మనిషి ఎట్లుంటడు?"

"ఎట్లుంటడేంది? నల్లగ, గుబురు మీసాలు."

"మీసం ఏడిది?" అన్నాడు భాయ్. "నేనే ఒకసారి షేవ్ జేసిన. సాఫ్. తెల్లటి మనిషి."

ఎప్పుడు చేశావని అడిగితే భాయ్ చెప్పలేకపోయాడు. నాకేమో సన్నటి ముఖం, నుదుటి మీద చిన్న మచ్చ కళ్లముందు ఆడుతున్నాయి. ఆ మచ్చ ఎక్కడ చూశానో గుర్తు తెచ్చుకోబోతే దొరకలేదు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అతను ఎప్పుడూ హెల్మెట్‌తోనే వచ్చాడు, హెల్మెట్‌తోనే బస్సెక్కాడు. ఇన్నాళ్లూ ఒక జాలీని చూసి తలా ఒక ముఖం అతికించుకున్నామని నాకు అప్పుడు తోచింది. గోల్ ముందు ఆ మనిషి మాకు వీపు చేసి కదలకుండా నిలబడి ఉన్నాడు.

"ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు కాకా. ఆయన గొంతులో భయం నేను వినడం అదే మొదటిసారి.

నేను విడిచిపెట్టలేదు. నా బుద్ధే అంత. సీజన్ మధ్యలో కొత్త ఆటగాణ్ని చేర్చుకోకూడదు. ఒకరి కార్డు మీద ఇంకొకరు ఆడితే టీమ్‌నే పోటీలోంచి తీసేస్తారు. మా తాళాన్ని చప్పుడు కాకుండా పంపించేసి, ఆ బట్టల్లో ఇంకొకణ్ని నిలబెట్టి, మాతోనే చప్పట్లు కొట్టించుకుంటున్నారని నాకు అర్థమైంది. నీడ స్టాండు ముందుకెళ్లి అందరూ వినేలా చెప్పేస్తానని నిర్ణయించుకున్నాను.

ఆ తర్వాతి ఆటలో బంతి అవతలి గోల్ దగ్గర తచ్చాడుతుండగా వల దగ్గరికి వెళ్లాను. గ్రౌండ్ లైట్లు అప్పుడే వెలుగుతున్నాయి.

"ఎవలు నువ్వు?" అన్నాను. "చెప్పకపోతే ఇప్పుడే పోయి అందరికీ చెప్త."

హెల్మెట్ కదల్లేదు. దాని వెనకవైపు నుంచి గొంతు వచ్చింది. కడప గొంతు కాదు. అచ్చం మా ఊరి గొంతు.

"మెల్లగ అన్నా. నేను మీ దిక్కోన్నే."

కొత్తగా వచ్చినవాడు మా దిక్కు మనిషి అవుతాడని నేను అనుకోలేదు.

"తాళం ఏడి?"

"నాకెర్కలేదన్నా. నేను మన కంపెనీ నిజ్వా సైట్ టీమ్‌ల గోల్ కాస్తుంటి. పొద్దుగాల పిలిచి బండి ఎక్కిచ్చిండ్రు, ఆయన కిట్టు ఇచ్చి ఏస్కో అన్నరు. గ్లౌజులల్ల చెయ్యి వెడ్తే లోపట ఆయన చెమట తడి ఇంక ఆరలే."

"ఆ స్తంభాలు కొట్టుడు?"

"కోచ్ నేర్పిండు. ఆయనకు గూడ కోచే నేర్పిండట."

వలను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. వాడే మళ్లీ అన్నాడు.

"మీరు తాళం అని పిలిచినన్ని దినాలే నా డ్యూటీ అన్నా. సీజన్ అయినంక కాగితం రాసిస్తమన్నరు. పెండ్లయి ఏడాది. నా పెండ్లాన్ని తెచ్చుకోవాలె. నోరు జారకు."

బంతి మా వైపు దూసుకొచ్చింది. వాడు పక్కకు పడి కాలితో ఆపాడు. నేను మెట్ల మీదికి తిరిగొచ్చేసరికి కాకా, భాయ్ నన్నే చూస్తున్నారు.

"ఏమన్నడు?" అన్నాడు కాకా.

"తిన్నడట," అన్నాను.

కాకా ఆట వైపు తిరిగాడు. భాయ్ ఇంకేమీ అడగలేదు. వాళ్లకు అంతకన్నా తెలుసుకోవాలని లేదు. మెట్ల పైనుంచి ఎవరో తాళం అని అందుకున్నారు, అందరూ అందుకున్నారు. నేనూ అరిచాను. అలా అరుస్తుంటే పోయినవాణ్ని పిలుస్తున్నానో, ఉన్నవాణ్ని కాపాడుతున్నానో నాకే తెలియలేదు. ఏడుపొచ్చింది.

అవతలి టీమ్ వాళ్లు కూడా మా ఇద్దరి మాటామంతీ ఎరుగుదురు. మీ తాళం మూగోడయ్యాడేంటని ఒకరిద్దరు వేళాకోళం ఆడారు. అందుకని ఆ జవాబు వాడికి నేనే నేర్పాను. వల దగ్గర నిలబడి, పెదాలు కదిలీ కదలకుండా, "తిన్న్యాలే బ్బా" అని వాడిచేత అనిపించాను. రెండు వారాల్లో అచ్చం దిగిపోయింది. ఎంత అచ్చంగా అంటే, మొదటిసారి సరిగ్గా పలికినప్పుడు పాత మనిషే తిరిగొచ్చాడని ఉలిక్కిపడ్డాను. ఆ మాట పైకి అన్నాక వాడు గొంతు తగ్గించి, మా యాసలో, "నువ్వు తిన్నవా అన్నా?" అని అడిగేవాడు. అది ఎవరికీ వినిపించదు. ఈ ఎడారిలో నన్ను ఆ మాట అడిగే మనిషి ఇంకొకడు లేడు. దానికోసం వారమంతా ఎదురుచూసేవాణ్ని. ఫోన్ నంబర్ అడిగితే మాత్రం, ఎవరైనా చూస్తే పని పోతుంది, ఖాయమయ్యాక నీ రూమ్‌కే వస్తానన్నాడు.

సీజన్ అయ్యాక, వచ్చిన రోజు నుంచే లెక్కేసి ఒక ఏడాదికి కాగితం రాసిచ్చారని వల అవతలి నుంచే చెప్పాడు. అందులోనూ స్టోర్ హెల్పర్ అనే ఉంది. ఫ్యామిలీ వీసా సంగతి తర్వాత చూద్దామన్నారట. రూమ్‌కు రాలేదు. మరుసటి సీజన్ మొదలైంది, ఆ ఏడాదీ నిండవచ్చింది. వాడు మళ్లీ అడిగాడు. కబురు మా మెట్ల మీదికి వచ్చింది.

"తాళం ఫ్యామిలీ వీసా అడిగిండట," అన్నాడు భాయ్.

"మల్లానా? పోయినేడు గూడ గదే అడిగిండు గద," అన్నాడు కాకా. ఆయన ముఖంలోకి చూశాను. నిజంగానే అంటున్నాడో, నాలాగే ఏమీ ఎరగనట్టు ఉంటున్నాడో తెలుసుకోలేకపోయాను.

"పెండ్లాన్ని తెచ్చుకుంట అన్నడు. గదేమన్న తప్పా?" అన్నాను.

"మేనేజర్ కుర్సీల నేనున్నా ఇయ్య."

"బుక్రా అంటరు, దేఖో," అన్నాడు భాయ్.

కిందటేడు మేం ఆడిన మాటలే, అదే వరసలో మా నోళ్లలోంచి వస్తున్నాయి. మాకూ ఎవరో నేర్పి కూర్చోబెట్టారా అనిపించి చటుక్కున నోరు మూసుకున్నాను.

గడువు దాటిన శుక్రవారం మ్యాట్ మీద నీళ్లు కొట్టారు. ఆవిరి లేచింది. గోల్‌కీపర్ చివరగా, ఒక్కడే వచ్చాడు. ఎడమ స్తంభానికి రెండు, కుడిదానికి ఒకటి. మెట్లు లేచి అరిచాయి. నేను వల దగ్గరికి వెళ్లాను.

"తిన్నవా?"

ఎడమ గ్లౌజు పైకి లేచింది. "తిన్న్యాలే బ్బా."

యాస ఎక్కడా తప్పలేదు. వాడే కదా అనుకున్నాను. వాడి రెండో మాట కోసం వల పట్టుకుని నిలబడ్డాను. ఈల మోగింది. బంతి నడిమిట్లో నుంచి కదిలింది. నా వెనక కాకా అందరికన్నా గట్టిగా తాళం అని అరుస్తున్నాడు. నువ్వు తిన్నవా అని నన్ను ఎవరూ అడగలేదు. వలలోంచి చెయ్యి పోయేటట్టుంటే ఆ గ్లౌజు ఒక్కసారి లాగి, లోపల ఇంకొకరి చెమట తడి ఉందేమోనని తడిమి చూసేవాణ్ని.