స్కేలు సారు కొత్త కొలత

తెయోఫిలో గారు ఈ లోకంలో నమ్మిన వస్తువు ఒక్కటే: చంకలో పెట్టుకు తిరిగే అర మీటరు చెక్క స్కేలు. చింబోతె రేవుపట్నంలో, చేపపిండి మిల్లుల వాసన పిలవకుండానే తరగతిలోకొచ్చి కూర్చునే ఆ హైస్కూల్లో, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఉద్యోగం గేటు దగ్గర పిల్లల్ని కొలవడం. జుట్టు ఒక వేలు. ప్యాంటు అంచు నేలకి రెండు వేళ్ళు పైన. నూలుపోగంత తేడా వచ్చినా, "ఇంటికి పోయి సరిచేసుకుని రా!" తిరిగొచ్చేలోపు గంట కొట్టేసేవారు. గంట కొట్టాక ఆ గేటు దేవుడొచ్చినా తెరుచుకోదు.

పెళ్ళిలో కేకు కూడా స్కేలు పెట్టే కోశారట. ఎనభైమంది అతిథులకి ఎనభై సమానమైన ముక్కలొచ్చాయి, పెళ్ళికూతురికే మిగల్లేదు. ఈ సంగతి ఆయన భార్య ఎవులాలియా గారు ముప్పై ఏళ్ళూ చెప్పుకుని నవ్వారు.

మహమ్మారి వచ్చి, మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లుండాలని రేడియోలో చెప్పినప్పుడు, ప్రభుత్వానికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నారాయన. ఆక్సిజన్ కోసం నిలబడ్డ వరుసలో అటూ ఇటూ తిరుగుతూ నాలుగేసి స్కేళ్ళ దూరం కొలిచారు. జనం తిట్టిపోశారు. ఆయన వచ్చింది కూడా సిలిండరు కోసమే. అది దొరికేసరికి ఎవులాలియా గారికి దాంతో పనిలేకుండా పోయింది. శ్మశానంలో ఆయన ఏడవలేదు. "గొయ్యి ఎడమపక్క మూడు వేళ్ళు వంకరపోయింది" అన్నారంతే. తవ్వేవాడికి ఆ రోజు అది పదిహేడో గొయ్యి. అయినా సరిచేశాడు.

రెండేళ్ళకి బడి తెరిచారు. స్టాఫ్ రూము గోడ మీద నలుగురు టీచర్ల ఫొటోలు కొత్తగా వెలిశాయి. చివరి సంవత్సరం తరగతి మీర్తా టీచరుది. ముప్పై నాలుగు పేర్లలో ఇరవై మూడు మందే వచ్చారు. వచ్చినవాళ్ళు కూడా తెలియని ఊళ్ళో బస్సుకోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నారు. మిగిలిన పదకొండు మందికోసం ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది. యూనిఫాం లేకపోయినా రావచ్చని సర్కారు చెప్పిన మాట ఆవిడ ప్రతి గడపలోనూ చెప్పింది. తెయోఫిలో గారి చెవికి మాత్రం ఆ మాట ఎక్కలేదు.

ఆవిడ బతిమాలగా వచ్చిన మొదటివాడు గేటు దగ్గర దొరికిపోయాడు.

"ఆగరా! ఎవడివి నువ్వు?"

"ఎల్మెర్ ఆంటికోనా, సార్."

"అబద్ధాలాడకు. ఎల్మెర్ ఇంతే ఉండాలి" అంటూ ఆయన తన రొమ్ము దగ్గర స్కేలు అడ్డంగా పెట్టి చూపించారు. "ముందు బెంచీ వాడు."

"పెరిగాను, సార్."

"ఎవర్నడిగి పెరిగావు?" ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కొలిచారు. "జానెడు! జానెడు పొట్టి! ఇది ప్యాంటా, ఈతచెడ్డీయా?"

వరుసంతా గొల్లుమంది. రెండేళ్ళలో ఆ బడిలో అదే మొదటి నవ్వు. ఎల్మెర్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు, వెనక్కి తిరిగాడు, వెళ్ళిపోయాడు. "సరిచేసుకుని రా!" అని అలవాటుగా అరిచారు ఆయన. గంట మోగింది. ఎల్మెర్ రాలేదు. మర్నాడూ రాలేదు.

మీర్తా టీచరు రేవుకి వెళ్ళేసరికి వాడు చేపల పెట్టెలు మోస్తున్నాడు.

"వేరే ప్యాంటు వేసుకుని రారా. ఎవరూ ఏమనరు."

"ఉన్నవన్నీ ఈ పెట్టెలు మోసినవే, టీచర్. వాసన చూడండి."

"పోనీ, నేనొకటి కొంటాను."

"వద్దు. బడికి వస్తే అదే వేసుకొస్తాను, మా నాన్న కొన్నది" అన్నాడు వాడు, పెట్టె దించకుండానే. "వేసుకొస్తే నవ్వుతున్నారు. అందుకే రాను."

ఆవిడ తిన్నగా గేటు దగ్గరికొచ్చి పడింది. "ఆ ప్యాంటు వాళ్ళ నాన్న బడి మూసేసే ముందు వారం కొన్నాడు, సార్. రెండేళ్ళు రావాలని నాలుగు వేళ్ళ మడత పెట్టించి మరీ కొన్నాడు. ఆ రెండేళ్ళూ అది ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంది. ఆయన పోయాడు. సోమవారానికి పిల్లాడు రాకపోతే పేరు కొట్టేస్తారు. ఇప్పుడు కొలుచుకోండి, ఎంత కావాలంటే అంత!"

తెయోఫిలో గారు స్కేలు మీద నాలుగు వేళ్ళు ఆనించి చూసుకున్నారు.

"మడత విప్పించారా?" అని మెల్లగా అడిగారు.

"మొత్తం విప్పించారు. ఇక విప్పడానికేం లేదు."

"సోమవారం రమ్మనండి. గేటు దాకా వస్తే చాలు" అన్నారాయన.

సోమవారం పొద్దున గేటుకి ఒక అట్టముక్క వేలాడుతోంది: "ప్యాంటు అంచు పాత కొలతకి జానెడు పైన ఉండాలి. కిందికి ఉన్నవారు లోపలికి రారాదు." దాని కింద తెయోఫిలో గారు నిలబడి ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా గీత చెదరని ఇస్త్రీ ప్యాంటుని జానెడు కత్తిరించి కుట్టేసుకున్నారు. సన్నటి పిక్కలు రెండూ బయటపడి చలికి వణుకుతున్నాయి.

హెడ్‌మాస్టరు నోరు తెరిచారు. "ఏమిటయ్యా ఈ వేషం?"

"జాగ్రత్త చర్య, సార్. క్రిములు నేల మీంచి ప్యాంటు పట్టుకుని పైకి పాకుతాయి."

"ఏ సర్క్యులర్లో ఉంది?"

"దారిలో ఉంది, సార్. మీరు మడిస్తే గంట కొడతాను."

రెండేళ్ళుగా ఇంతకన్నా వింత సర్క్యులర్లకి సంతకం పెట్టిన మనిషి, ఒంగి ప్యాంటు మడిచారు. మీర్తా టీచరు మడిచింది. వరుసంతా మడిచింది.

రోడ్డవతల వేడి కషాయం అమ్మే బండి చాటున ఎల్మెర్ నిలబడి చూస్తున్నాడు.

"ఒరేయ్! గంటకి రెండు నిమిషాలే ఉంది!" అని కేకేశారు తెయోఫిలో గారు.

వాడు వచ్చాడు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒకసారికి రెండుసార్లు కొలిచి లేచారు. "జానెడు. సరిగ్గా జానెడు! వంకరటింకరగా మడిచారు మీరంతా. ఈ బడిలో ప్యాంటు వేసుకోవడం వచ్చినవాడు వీడొక్కడే."

ఎల్మెర్ నవ్వలేదు. వాడి చూపు ఆయన పాదాల దగ్గర ఆగిపోయింది. "సార్, మీ మేజోళ్ళు. ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు."

ఆయన ఒంగి చూసుకున్నారు.

"జతలు పెట్టేది మా ఆవిడ" అన్నారు తెయోఫిలో గారు. స్కేలు చంకలో దోపుకున్నారు. "లోపలికి పోయి నా మీద ఫిర్యాదు రాయి. గంట కొట్టాక రాస్తే చెల్లదు."

ఎల్మెర్ లోపలికి పరుగెత్తాడు.