పంచాయితీ సార్జెంటు కొలువు వేట

సైన్యంలో అతన్ని అందరూ పంచాయితీ సార్జెంటు అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళ కొలువులో తుపాకీ భుజాన మోసిందే గాని పేల్చిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అతనిది పౌర వ్యవహారాల విభాగం. పోరు ఆగిన ఊళ్ళకీ, వరద తీసిన ఊళ్ళకీ వెళ్ళి అక్కడి జనంతో మాట్లాడటం వాళ్ళ పని. ఏ బావి నీళ్ళు తాగొచ్చు, సంత ఎప్పుడు మళ్ళీ పెట్టొచ్చు, మిలిటరీ లారీ గుద్దిన గోడ ఎవరు కట్టివ్వాలి, బడి తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఇవన్నీ అతనే తేల్చేవాడు. రెండు వీధులవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా భీష్మించుకుంటే, అటు నాలుగు కుర్చీలు ఇటు నాలుగు కుర్చీలు వేయించి తను మధ్యలో నేలమీద చతికిలపడేవాడు. కింద కూర్చున్నవాడి మీద ఎవరూ ఎక్కువసేపు అరవలేరని అతని నమ్మకం.

నలభై నాలుగో ఏట బయటికొచ్చాడు. మాజీ సైనికుల ఉపాధి కార్యాలయంలో గుమస్తా ఒక ఫారం చేతిలో పెట్టాడు. ఏ ఆయుధాలు వాడారు, ఏ బళ్ళు నడిపారు, ఇంజను మరమ్మతు వచ్చా అని గళ్ళున్నాయి. మనుషులతో మాట్లాడటానికి మాత్రం గడి లేదు. సార్జెంటు తను చేసిన పనంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. గుమస్తా ఓపిగ్గా విని, ఇతరములు అన్నచోట ఒక టిక్కు పెట్టి, కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు పనికి పంపాడు.

లారీ వస్తే నంబరు రాసుకోవాలి, పోతే కొట్టెయ్యాలి. ఉద్యోగం ఉద్యోగమే అని సర్దుకున్నాడు. నిజంగా సర్దుకునేవాడేమో, బావమరిది లేకపోతే.

బావమరిది అంటే భార్యకి సొంత తమ్ముడు. అతనూ సైన్యమే. పదేళ్ళు సామాన్ల గోదాములో దుప్పట్లూ బూట్లూ లెక్కపెట్టాడు. చివరి రెండేళ్ళు మాత్రం పౌర వ్యవహారాల్లో చేశాడు. అదీ అక్క పోరు పడలేక బావే సిఫారసు చేసి తన దళంలోకి వేయించుకుంటే. అలాంటివాడు బావ తరవాత ఎనిమిది నెలలకి బయటికొచ్చి, నెల తిరక్కుండా ఒక సహాయ సంస్థలో ప్రాంతీయ అధికారి అయి కూర్చున్నాడు. మెడలో కార్డు, తలుపున్న గది, తిరగడానికి జీపు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పక్కింటావిడ నవ్వులాటకే అంది. సార్జెంటుకి ఆ మాట చెప్పులో రాయిలా ఉండిపోయింది. గేటు దగ్గర నంబర్లు రాస్తూ లెక్కలు కట్టుకునేవాడు. నా పంతొమ్మిదేళ్ళెక్కడ, వాడి రెండేళ్ళెక్కడ. నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. మరి నక్క జీపెక్కితే నాకలోకం గేటు కాయడమేమిటి?

అత్తగారింట్లో ఒక ఆదివారం భోజనాల దగ్గర ముదిరింది. బావమరిది వంతెన కథ ఎత్తుకున్నాడు. ఏటికి అటూ ఇటూ రెండు ఊళ్ళు, కూలిన వంతెన మీద వేసిన కొత్త పలకల మీదుగా ఎవరు ముందు దాటాలని కొట్టుకు చస్తుంటే ఎలా రాజీ కుదిరిందో చెప్పాడు. అది సార్జెంటు కుదిర్చిన రాజీ. బావమరిది ప్రతి వాక్యంలోనూ మేము, మేము అన్నాడు. అత్తగారు కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది.  సార్జెంటు సగం కంచం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. జీపులో దింపుతానన్నాడు బావమరిది. నాకు నడక అలవాటేనని సార్జెంటు బయల్దేరాడు. భార్య ఇద్దరి వంకా చూసి, చీర తడుపుకోవడం తనవల్ల కాదని జీపెక్కింది. సందు మలుపులో జీపు అతని పక్కనుంచే, బురద చిందకుండా మెల్లగా పోయింది. ఆ మెల్లదనానికి అతని ఒళ్ళు ఇంకా మండింది. తరవాత వారం రోజులు తుమ్ముతూనే ఉన్నాడు.

భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మాట తక్కువ. ఒక రోజు క్యారియర్ సంచిలో మడతపెట్టిన కాయితం వేసి పంపింది. తమ్ముడు ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు నకలు. మీదీ ఇలా రాసుకోమని పంపాడట. సార్జెంటు దాన్ని ముట్టుకోకుండానే తిన్నాడు. తిన్నాక గేటు గదిలో కూర్చుని, ఎర్ర పెన్ను తీసి, అబద్ధం కనపడ్డ ప్రతిచోటా గీత గీద్దామని విప్పాడు.

ఒక్క అబద్ధమూ లేదు. వంతెన సంగతి వచ్చినచోట ఇలా ఉంది: "చర్చలు నడిపింది మా సార్జెంటు. రాతపని, ఆ తరవాతి పర్యవేక్షణ నావి." మూడుసార్లు చదివాడు. ఒక్క అబద్ధం దొరికినా ఆ పూట హాయిగా గడిచేది. పెన్ను మూత పెట్టేసి, గేటు దగ్గర హారన్ కొడుతున్న లారీవాణ్ణి ఊరికే కసిరాడు.

ఆ కసితోనే తన దరఖాస్తు మొదలుపెట్టాడు. రాసింది పైకి చదువుతుంటే భార్య మిషను తొక్కుతూ వింది. మొదటి పేజీ అయ్యాక ఆపమంది. "పంచాయితీలు చేశానని రాస్తే ఎవరికేం తెలుస్తుందండీ? ఎన్ని చేశారు, ఎంతమంది మధ్య చేశారు, తరవాత నిలబడ్డాయా, అది రాయండి," అంది. పాత డైరీలు తీశారు. నలభై ఒక్క తగాదాలు తేలాయి, ఆరు సంతలు తెరుచుకున్నాయి. చెడిపోయినవీ కొన్ని ఉన్నాయి. వాటినీ రాయమంది.

పట్టణాభివృద్ధి సంస్థవాళ్ళు పాత బజారులో మూడొందల నలభై దుకాణాలని కొత్త భవనంలోకి మార్చాలనుకుంటున్నారు. దుకాణదారులతో మాట్లాడే అధికారి కావాలని ప్రకటన ఇచ్చారు. సార్జెంటు అర్జీ పెట్టాడు. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళలో ఒక ఇంజనీరమ్మ, మీరు చేసి చెడిన పని ఒకటి చెప్పమంది.

చేపల బజారు సంగతి చెప్పాడు. షెడ్డు వేయించి, అందరి చేతా ఊ అనిపించి బజారుని అందులోకి మార్పించాడు. వారం తిరక్కుండా అందరూ పాత చోటికే వచ్చేశారు. "నేను మగవాళ్ళతో మాట్లాడానమ్మా. అమ్మేది ఆడవాళ్ళు," అన్నాడు. ఇంజనీరమ్మ నవ్వి ఏదో రాసుకుంది. చివర్లో, మీ పని దగ్గరుండి చూసినవాళ్ళ ఉత్తరం ఒకటి తెచ్చివ్వమన్నారు.

 సార్జెంటు పైన పనిచేసిన కెప్టెన్ పోయి రెండేళ్ళు. మిగతావాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. దగ్గరుండి చూసినవాడు, సంతకానికి విలువున్నవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

మూడు రోజులు గింజుకుని నాలుగో రోజు బావమరిది ఆఫీసుకి వెళ్ళాడు. బయట బల్ల మీద ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. కావాలనే కూర్చోబెట్టాడని అనుకున్నాడు గాని, అద్దంలోంచి చూస్తే ఆ మనిషి రెండు ఫోన్ల మధ్య నలిగిపోతున్నాడు. గుడారాలు తేవలసిన లారీ ఎక్కడో నిలిచిపోయిందట. తిరిగే కుర్చీ, మూతపెట్టిన మంచినీళ్ళ గ్లాసు, గోడమీద ఊళ్ళ పటం, అన్నిటినీ సార్జెంటు చూపుతోనే తడిమాడు. ఆ పటంలో ఊళ్ళు తనకి బాగా తెలిసినవే.

లోపలికి పిలిచాక నిలబడే అడిగాడు. బావమరిది కాయితం ముందుకి లాక్కున్నాడు.

"రాస్తాను బావా. కాకపోతే వంతెన కథ చెప్పినప్పుడు కంచం ముందునుంచి లేచిపోకు. అక్క మొహం చూడలేకపోతున్నాను."

"ఆ కథలో నువ్వు లేవురా."

"ఉన్నాను. సంతకాలయ్యాక మర్నాడే నువ్వు పక్క ఊరికి వెళ్ళిపోయావు. మూడో రోజు మళ్ళీ కొట్టుకున్నారు. ఆ ఏడాది పదకొండుసార్లు వెళ్ళొచ్చాను."

సార్జెంటు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగావు?"

ఎకసెక్కం లేదు ఆ మాటలో. అప్పుడు డైరీలో నలభై ఒకటి అని గర్వంగా వేసుకున్న అంకె సార్జెంటుకి గుర్తొచ్చింది. అందులో ఎన్ని తన చలవ, ఎన్ని వెనక మిగిలినవాళ్ళు పట్టి నిలబెట్టినవో అతనికి తెలీదు. బావమరిది తలొంచుకుని రాశాడు. సగం పేజీ ఉత్తరం. బస్సులో చదువుకుంటే తన గురించి తనే అంత బాగా రాసుకోలేడనిపించింది. దానికీ కాస్త కళ్ళు కుట్టాయి.

ఉద్యోగం వచ్చింది. పాత బజారులో మూలకొట్టు ఒకటి ఖాళీ చేసి బల్ల వేసిచ్చారు. ఈసారి అమ్మేవాళ్ళ పక్కనే కూర్చుని మాట్లాడాడు. సరేనన్నవాళ్ళ దగ్గరికి మర్నాడు వెళ్ళాడు, వారం తరవాత వెళ్ళాడు, నెలకీ వెళ్ళాడు. కత్తులు సానపట్టే కొట్టతనైతే మీరు రావడం మానేస్తే ఇప్పుడే మారిపోతానని దండం పెట్టాడు. వానలు మొదలయ్యేలోగా మూడొందల ముప్ఫై ఒక్క దుకాణాలు మారాయి. తొమ్మిది మిగిలాయి.

ఆ వారంలోనే బావమరిదిని సంస్థవాళ్ళు ముఖ్య కార్యాలయానికి తీసుకుంటున్నారని భార్య చెప్పింది. సార్జెంటు ఫోను చేసి, సంతోషమని చెప్పి, ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు. తరవాత రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. భార్య పలకరించకుండా యూనిఫారాలకి కాజాలు కుట్టుకుంది. మూడో రోజు పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, మిగిలిన ఆ తొమ్మిదిమంది దగ్గరికి బయల్దేరాడు.