ప్రార్థనకు పిలిచిన ఇల్లు

దర్శి దగ్గరి ఆ ఊళ్లో కోటిరత్నం పగలు మిరపకోతకు వెళ్తుంది. సాయంత్రం చేతుల మంట తగ్గడానికి కొబ్బరినూనె రాసుకుని, చర్చి తరఫున బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆడవాళ్ల మధ్య కూర్చుని వాక్యం చదువుతుంది, ప్రార్థన చేస్తుంది. ఇళ్లంటే ఊరికి ఎడంగా ఉన్న తమ పల్లెలోని ఇళ్లే. రైతుల వీధిలో ఏ గడపా ఆమె దాటింది లేదు.

ఆ ఫిబ్రవరిలో పక్క ఊరి పొలంలో పందిళ్లు వేసి స్వస్థత సభలు పెట్టారు. ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు మైకులో, "విశ్వాసం ఉన్నోడికి మాత్రలెందుకు?" అని గొంతు చించుకున్నాడు. జనం మందుల పొట్లాలు తెచ్చి వేదిక ముందు పారేశారు. రైతుల వీధి ఆడవాళ్లు కూడా కొందరు తలమీద కొంగు కప్పుకుని వెళ్లొచ్చారని కోటిరత్నం చెవిన పడింది. ఎవరన్నది మాత్రం తెలియలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, ఆమె మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే రైతు చలమయ్య భార్య వెంకాయమ్మ ఎండలో గబగబా నడుచుకుంటూ వచ్చింది. ఆ కల్లం వాళ్లదే.

"కోటిరత్నం, ఒక్కసారి ఇంటికి రా. మా కోడలికి బాగోలేదు. ప్రార్థన చెయ్యి."

కోటిరత్నం చేతిలోని కాయలు కింద పెట్టింది. "మీ ఇంట్లోనా అమ్మా? అయ్యగారికి తెలిస్తే?"

"తండ్రీ కొడుకులు కాయ తోలుకుని గుంటూరు యార్డుకు పోయారు. రావే తల్లీ!"

నెల కిందట దగ్గర్లోనే ఒక పాస్టరును కుర్రాళ్లు అడ్డగించి, మతం మారుస్తున్నావా అని చొక్కా చింపారు. ఆ వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. చేతులు జోడించి నిలబడ్డ ఆ మనిషి ముఖం కోటిరత్నం కళ్ల ముందు మెదిలింది. అయినా లేచి వెళ్లింది.

లోపలి గదిలో ఎనిమిదో నెల కడుపుతో ఉదయశ్రీ గోడకు ఒరిగి కూర్చుంది. ముఖం ఉబ్బిపోయింది, కాళ్లు నీరు పట్టాయి. "తల పగిలిపోతోంది. కళ్ల ముందు మెరుపులు మెరుస్తున్నాయి" అంది నీరసంగా.

"డాక్టరమ్మ ఏమీ ఇవ్వలేదా?"

"బీపీ మాత్రలిచ్చింది" అంది వెంకాయమ్మ నేల చూపులు చూస్తూ. "సభలో పారేశాం."

కోటిరత్నం ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఎన్నో ఇళ్లలో గలగలా వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కటీ రాలేదు. ఇంటి దగ్గర మొగుడు ఏసోబు పొద్దున్నే బీపీ మాత్ర అరచేతిలో పెట్టుకుని, "ప్రభువా, దీన్ని పనిచేయించు" అని గుటుక్కున మింగడం గుర్తొచ్చింది.

"అమ్మా, నూట ఎనిమిదికి ఫోన్ చేయండి."

"ఆసుపత్రికి పోతే విశ్వాసం లేనట్టే అన్నాడుగా ఆ బోధకుడు! దేవుడికి కోపమొచ్చి పిల్లను తీసుకుపోతే?" వెంకాయమ్మ కోడలిని పొదివి పట్టుకుంది. ఆమెదీ భయమే.

"మాత్ర మింగితే కోపగించుకునే దేవుణ్ని నేనెరగనమ్మా. చేయండి!"

అంతలోనే ఉదయశ్రీ చేతులు కొయ్యబారాయి. కళ్లు పైకి తేలిపోయాయి. వెంకాయమ్మ కెవ్వుమంది. ఫోన్ కోటిరత్నమే చేసింది.

అంబులెన్సు వచ్చేసరికి వాకిట్లో జనం పోగయ్యారు. ఉదయశ్రీకి వరసకు మరిది అయ్యే త్రినాథ్ ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తూ, "ఏం కోటిరత్నం, ఇళ్లలో దూరి మతం మారుస్తున్నావా?" అన్నాడు.

ఆమె స్ట్రెచర్ ఒక కొస ఎత్తింది. "ముందు నీ వదిన్ని పట్టుకో బాబూ. తర్వాత అడుగుదువుగాని" అంది.

త్రినాథ్ ఫోన్ జేబులో పెట్టుకుని స్ట్రెచర్ అందుకున్నాడు.

ఒంగోలులో ఆపరేషన్ చేశారు. తల్లి దక్కింది. గుప్పెడంత ఆడపిల్లను గాజుపెట్టెలో పెట్టారు. చీకటిపడే వేళకు చలమయ్య వచ్చాడు. వరండాలో కోటిరత్నం లేచి గోడకు అతుక్కుపోయింది.

"మా ఇంట్లో నీకేం పని?"

"ప్రార్థనకు పిలిచారండి."

"చేశావా?"

"అక్కడ నోరు రాలేదండి. అంబులెన్సులో చేశా."

చలమయ్య బల్లమీద కూలబడి తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నాడు.

తల్లీబిడ్డా ఇంటికొచ్చాక ఒక ఆదివారం వెంకాయమ్మ పల్లె చర్చికి వచ్చింది. రైతు ఇంటి ఇల్లాలు వచ్చిందని పాస్టరుగారు పొంగిపోయి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. "కోటిరత్నం చెయ్యి వేసింది, నా కోడలు బతికింది" అని ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. చప్పట్లు మోగాయి.

జరిగింది అది కాదని కోటిరత్నానికి తెలుసు. నోరు విప్పితే పాస్టరుగారికి కోపం, వెంకాయమ్మకు తలవంపులు, రేపు కల్లంలోకి పిలుపుండదు. ముందు వరసలో ఒక కడుపుతో ఉన్న పిల్ల చప్పట్లు కొడుతూ కనిపించింది. కోటిరత్నం లేచి నిలబడింది.

"అమ్మా, మిగతాదీ చెప్పండి. మాత్రలు పారేస్తే ఫిట్స్ వచ్చాయని, డాక్టర్లు కోసి బిడ్డను తీశారని చెప్పండి. నా చేతిలో ఏమీ లేదు. ఆ రోజు భయంతో నాకు ప్రార్థనే రాలేదు."

వెంకాయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "అవును, పారేసింది నేనే" అంది.

ఆ తర్వాత పాస్టరుగారు చాన్నాళ్లు కోటిరత్నాన్ని ప్రార్థన కూటాలకు పంపలేదు. త్రినాథ్ తీసిన వీడియో ఎలాగో బయటికి పాకింది. ఒకరోజు కానిస్టేబుల్ వచ్చి మతమార్పిడి జరిగిందా అని ఊళ్లో విచారించాడు. తలుపు గడియ వేసుకుని కూర్చున్న కోటిరత్నానికి, చలమయ్య పల్లె వీధిలో నిలబడి కానిస్టేబుల్ మీద అరిచిన అరుపు వినిపించింది. "మా ఇంటికి మేమే పిలిచాం. నీకేంటయ్యా?"

అయినా గడియ తీయడానికి ఆమెకు చాలాసేపు చెయ్యి రాలేదు.