మెసేజ్ రాని మనిషి

వనపర్తిలోని యూనివర్సిటీ హాస్టల్లో చీపురు చప్పుడు కంటే బాలమణి గొంతే ముందు వినిపిస్తుంది. కొంగు నడుముకు బిగించి, ఫోన్‌ను పాలప్యాకెట్ కవర్లో చుట్టి రొంటిన దోపుకుని, బేసిన్లలో వెంట్రుకలు వదిలే పిల్లలను పేరుపేరునా తిడుతూ ఊడుస్తుంది. మబ్బు పడితే మాత్రం తిట్లు ఆగిపోతాయి. ఇటిక్యాల ఊళ్లో పత్తిచేలో పిడుగు పడి చెల్లెలు పోయినప్పటి నుంచి అంతే.

మొన్న మధ్యాహ్నం ఆకాశం నల్లబడగానే పిల్లల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. పిడుగులు పడతాయి, ఎవరూ బయటికి రావద్దని యూనివర్సిటీ మెసేజ్. కాంట్రాక్టు పనివాళ్ల నంబర్లకు అది పంపరు. బాలమణి ఫోన్ కాసేపటికి మోగింది. ఆఫీసు సూపరింటెండెంట్.

"బాలమణీ, గ్రౌండ్‌ల ఇనుప కుర్చీలు తడుస్తున్నయ్. జల్ది పోయి లోపలెయ్యి."

"మీరు యాడున్నరు సార్?"

"ఆఫీసుల. బయటికి రావద్దని మెసేజ్ వచ్చింది గద!"

బాలమణి చీపురును గోడకేసి కొట్టింది. పిల్లలు గదుల్లోంచి తొంగిచూశారు.

"పిడుగుకు పర్మినెంటోళ్లు, కాంట్రాక్టోళ్లు అని తెలుస్తదా సార్? కుర్చీలు తడిస్తే ఆరుతయ్. ఆ మెసేజేదో నాగ్గూడ పంపు. నేను గూడ లోపలనే ఉంట."