సీసాలో సాయంత్రం

మొన్న రాజమండ్రిలో ఒక పెద్ద కొట్లోకి వెళ్ళేను. అద్దాల బీరువాలో వరసగా గాజు సీసాల కొవ్వొత్తులు పెట్టి ఉన్నాయి. ఒకదాని మూత తీసి చూస్తే గులాబీ తోటంతా ఒక్కసారిగా ముక్కులోకి దూరింది. "బాగుంది గానీ అమ్మాయ్, ఒకసారి వెలిగించి చూపించు" అన్నాను. కౌంటరు దగ్గరున్న పిల్ల నన్ను పైనించి కిందికి చూసి, "వెలిగించి చూపించమండీ, ఫిక్స్‌డ్ రేటండీ" అంది. రేటు సంగతి నేనింకా ఎత్తలేదు కదా అన్నాను. ఎత్తేదాన్నే, అది వేరే విషయం. మూత తీసినప్పుడు వచ్చే వాసన పెళ్ళిచూపుల్లో చెప్పే మాటల్లాంటిది, వెలిగించాక గదిలో నిలిచి ఉండేదే కాపురం. ఈ ముక్క నాకు చెప్పింది మా సువార్తమ్మ టీచరుగారు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, అయినా చెప్పేరు.

నేను రామచంద్రపురంలో కిరాణా కొట్టువాళ్ళ పిల్లని. పలకమీద కంటే ముందు కాటా ముల్లుమీద లెక్కలు నేర్చుకున్నాను. డెబ్బైల్లో పెళ్ళయి అమలాపురం వస్తే ఇక్కడా కిరాణా కొట్టే. మా ఆయన భోంచేసి కునుకు తీసే వేళ కొట్లో నేను కూర్చునేదాన్ని. మా పెరటిగోడ అవతల ఇల్లే టీచరుగారిది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. సన్నటి మనిషి, గంజిపెట్టిన నేతచీర, చేతిలో ఎప్పుడూ గొడుగు. ఒక మధ్యాహ్నం వచ్చి, "వెలిగారం ఉందా అమ్మాయ్?" అన్నారు.

"ఆయ్, ఉందండీ. కంసాలి పనేవైనా పెట్టుకున్నారేంటండీ?"

"కాదు. కొవ్వొత్తి వత్తికి."

కొట్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. కొన్నవాడు సరుకుతో ఏం చేసుకుంటాడో తెలిసేదాకా చిల్లర చేతికివ్వబుద్ధి కాదు. వెలిగారానికీ వత్తికీ సంబంధమేమిటని అడిగేను. అడిగినందుకు ఆవిడ చాలా సంతోషపడ్డారు. క్లాసులో ఎవరూ అడగరు కాబోలు. నూలుని జడలా అల్లి, ఉప్పూ వెలిగారమూ కరిగించిన నీళ్ళలో నానేసి ఎండబెడితే, వెలిగేటప్పుడు వత్తి కొస పక్కకి వంగి తనంతట తనే బూడిదైపోతుందిట. మామూలు నూలైతే కొసన నల్లటి బొడిపె కట్టి పొగ కక్కుతుందిట. "మాకు పొగ పనికిరాదు. మా అమ్మ సంగతి నీకు తెలుసు కదా" అన్నారు.

వాళ్ళమ్మగారిని వీధంతా మామ్మగారు అనేవాళ్ళం. ఒకప్పుడు పొలం పనులకి వెళ్ళి కూతుర్ని చదివించిన మనిషి. చూపు పూర్తిగా పోయి, దానిమీద ఉబ్బసం కూడా పట్టుకుంది. సాంబ్రాణి పొగ, లాంతరు పొగ, ఏదీ గదిలోకి రాకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పేరు. ఆ ఇంట్లో రోజూ దీపాలవేళ ప్రార్థన జరిగేది, పాట ఎత్తడం మామ్మగారి హక్కు. చూపు పోయేక ఆవిడకి పొద్దు తెలియడం మానేసింది. అర్ధరాత్రి లేచి తెల్లారిందనేవారు, సాయంత్రం వేళ పడుకుని లేచేవారు కాదు. "దీపం పెట్టేనమ్మా" అని కూతురంటే, "ఏమో, నువ్వు చెప్పడమే గానీ నాకేం తెలుస్తుంది" అని గోడవైపు తిరిగేవారు. పాట ఆగిపోయింది.

"మా అమ్మకి సాయంత్రం పోయిందమ్మాయ్. వాసనతో తిరిగి ఇవ్వగలనేమో చూస్తున్నాను" అన్నారు టీచరుగారు. "గాజు సీసాలో కొవ్వొత్తి కావాలి. పొగ రాకూడదు. మంచం దాకా వాసన వెళ్ళాలి. ఈ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నాయి."

ఆ పోట్లాటలో నేనూ దూరేను. మైనం దిమ్మలు కాకినాడ నించి తెప్పించడం, రాజమండ్రిలో బేరమాడి సంపెంగ అత్తరు తేవడం, జాము సీసాలు, పచ్చడి సీసాలు పోగెయ్యడం నా వంతు. మా వంటింటి వెనక పాకలో గిన్నెలో నీళ్ళు పోసి, అందులో డబ్బా పెట్టి మైనం కరిగించేవాళ్ళం. మొదటి సీసా పోసింది నేనే. మావాళ్ళలో కొసరు వెయ్యకుండా సరుకివ్వడం అమర్యాద. అత్తరు చెప్పినదానికి రెండింతలు పోసేను. మైనం అంచుదాకా నింపేను, ఎందుకంటే తలకొట్టిన కొలత చూస్తే మా నాన్న ఆత్మ ఘోషిస్తుంది. వెలిగిస్తే మంట గుడ్లు తేలేసింది. మైనం మీద అత్తరు చెమటలా తేలి, వత్తి నూనెలో మునిగి, చిటపటలాడి, సీసా మూతి నల్లగా మాడింది.

"చూసేవా, నీ ధర్మబుద్ధి దాని ఊపిరి తీసింది" అన్నారు టీచరుగారు నవ్వుతూ. "మైనం కొంత వాసననే పట్టి ఉంచుకోగలదు. మిగతాది కక్కేస్తుంది. మంటకి పైన కాస్త ఖాళీ ఉండాలి, గాలి పీల్చుకోడానికి."

"కొసరు లేకుండా ఎలాగండీ?"

"కొసరు మైనానికొద్దు. గాలికివ్వు."

ఇంకోసారి కొబ్బరినూనె మన సీమ సరుకు కదా అని గర్వంగా చెరిసగం కలిపేను. పొద్దున్న గట్టిగానే కనిపించింది, మధ్యాహ్నానికి సీసాలో పాయసం. కొద్దిగా కలిపితే మాత్రం మైనం మెత్తబడి గాజుకి బాగా అంటుకుంది. టీచరుగారి పద్ధతి ఒకటే, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. వత్తి మారిస్తే సీసా మార్చకూడదు, సీసా మారిస్తే వాసన మార్చకూడదు. నేనేమో మూడూ మార్చేసి, బాగొస్తే నా గొప్ప, పాడైతే మైనం తప్పు అనేదాన్ని. "అలా చేస్తే గెలిచినా ఎందుకు గెలిచేవో తెలీదమ్మాయ్" అనేవారు. బేరంలో గెలిస్తే చాలదా అనిపించేది నాకు.

సన్నటి వత్తి పెడితే మధ్యలో నుయ్యిలా కాలి, చుట్టూ మైనం అలాగే నిలబడిపోయేది. లావు వత్తి పెడితే మంట ఎగిరి మసి పట్టేది. వాసన మంటలోంచి రాదనీ, కరిగిన మైనం మడుగులోంచి లేస్తుందనీ ఆవిడ కనిపెట్టిన రోజు గోడమీంచి నన్ను కేకేసిన కేక నాకింకా వినిపిస్తుంది. మడుగు గాజు అంచుదాకా పాకితే గది నిండుతుంది, పాకకపోతే సీసా చుట్టూనే తచ్చాడుతుంది. దాంతో ఎత్తు సీసాలు మానేసి, వెడల్పు మూతి పొట్టి సీసాలు పట్టుకున్నాం. మామ్మగారి గదిలో వెలిగిస్తే మసి లేదు, చిటపట లేదు. సంపెంగ వాసన మంచం దాటి వసారాలోకి కూడా వచ్చింది. మామ్మగారు దగ్గలేదు.

"అమ్మా, తెలుస్తోందా?"

"ఎందుకు తెలీదు, సంపెంగ. తెల్లారిందేంటే?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. కొవ్వొత్తి నెగ్గింది, మేం ఓడిపోయేం. టీచరుగారు మంచం పట్టెమీద కూర్చుని, ఎందుకలా అనిపించిందని అడిగేరు. చిన్నప్పుడు కామందుల ఇంటి పెరట్లో పొద్దున్నే పూలు కోసేదాన్ని కదా అన్నారు మామ్మగారు. "మరి సాయంత్రం ఏం వాసనొచ్చేదమ్మా?" అని అడిగేరు టీచరుగారు. మామ్మగారు, "పనై గట్టుమీంచి వస్తంటే నిమ్మగడ్డి దుబ్బులు కాళ్ళకి రాసుకునేయి. ఆ వాసనొస్తే ఇల్లు దగ్గరికొచ్చిందనుకునేదాన్ని" అన్నారు.

అత్తరు కోసం రాజమండ్రిలో నేను చేసిన బేరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నిమ్మగడ్డి నూనె మా కొట్లోనే, దోమలకని అటకమీద పడి ఉంది. మర్నాడే పోసేం, కొసరు లేకుండా. ఆ సాయంత్రం కరెంటు లేదు. టీచరుగారు సీసా వెలిగించి, ఏమీ చెప్పకుండా వసారాలోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. మడుగు పాకడానికి పట్టే సమయం ఇద్దరికీ తెలుసు, అయినా నిమిషానికోసారి గుమ్మంలోంచి తొంగి చూసేం. లోపల మంచం కిర్రుమంది.

"దీపం పెట్టేరు కదా, ఇంకా ఎక్కడున్నారే అందరూ?" అని మామ్మగారి గొంతు. ఆ వెనకే పాట. గొంతు జీరబోయినా శ్రుతి చెదరలేదు. టీచరుగారు చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి పరిగెత్తేరు. ఆవిడ పరిగెత్తడం చూడడం నాకదే మొదలు.

కథ ఇక్కడితో ఆగిపోయుంటే నేను ఆ పాత బేరాల మనిషిగానే ఉండిపోయేదాన్ని. ఒక ఆదివారం టీచరుగారు కొత్తగా అల్లిన వత్తి ఎలా కాలుతుందో చూద్దామని, ఎర్రటి ఎండవేళ ఇంట్లోనే నిమ్మగడ్డి సీసా వెలిగించేరు. కాసేపటికి మామ్మగారు లేచి, తడుముకుంటూ దుప్పటి మడతపెట్టి, జుట్టు సర్దుకుని, పాట ఎత్తేరు. బయట ఎండ పెళపెళలాడుతోంది. వీధిలో ఐసుబండి గంట. నేను నవ్వాపుకోలేకపోయేను. టీచరుగారి మొహం చూసి ఆపేసేను. ఆవిడ వెళ్ళి వాళ్ళమ్మ పక్కన మోకరించి, ప్రార్థన ఆఖరిదాకా చేసి, అప్పుడు చెప్పేరు.

"అమ్మా, ఇంకా సాయంత్రం కాలేదు. నేనే వేళ కాని వేళ వెలిగించేను. తప్పు నాది."

మామ్మగారు, "పోన్లే, సాయంత్రం మళ్ళీ చేద్దాం. దేవుడికేం బరువా" అన్నారు. టీచరుగారు మాత్రం నవ్వలేదు. పెరట్లోకి వచ్చి నాతో అన్నారు, "చూసేవా అమ్మాయ్? ఆవిడ కిటికీ దగ్గరికెళ్ళి సరిచూసుకోలేదు. నేను ఏ వేళ అంటే ఆవిడకి అదే వేళ."

ఆ తరవాత ఆ ఇంట్లో పరీక్షలు బంద్. అన్నీ మా పాకలో, తలుపు వేసి. ఈ సీసాలు కొట్లో పెట్టి అమ్ముదామని నేను బేరానికి దిగేను. సంపెంగ అమ్ముకో, మల్లె అమ్ముకో, నిమ్మగడ్డి మటుకు వద్దన్నారు. "వీధిలో పదిమంది పది వేళల్లో వెలిగిస్తే గాలి గోడ దాటి రాదా? మా అమ్మ ఎన్ని సాయంత్రాలని లేస్తుంది?" అన్నారు. సంపెంగా మల్లే క్రిస్మసుకీ, సమాధుల పండక్కీ బాగా అమ్ముడయ్యేయి. నిమ్మగడ్డి ఎప్పుడూ బల్లమీదికి రాలేదు.

ఇప్పుడు గోడ అవతల వేరేవాళ్ళు ఉంటున్నారు, టీచరుగారూ మామ్మగారూ ఇద్దరూ లేరు. మైనం, వెలిగారం, వెడల్పు మూతి సీసా, అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఏడాదికి రెండు మూడు నిమ్మగడ్డి సీసాలు పోసుకుంటాను. మధ్యాహ్నం కరెంటు పోయి ఇల్లు చీకటైతే, "అది వెలిగించరాదా" అంటారు మా ఆయన. కళ్ళతో పొద్దు చూసుకోగలిగిన మనుషులం, మాకు వచ్చే నష్టమేమీ లేదు. అయినా కిటికీ తెరిచి విసనకర్ర చేతికిస్తాను. పొద్దుగూకేదాకా మూత తియ్యను.