మొదటి కాగితం

పటేల్ పోయాడని ఆయన కూతురు వరంగల్ దవాఖానా నుంచి ఫోన్ చేసింది. నెమ్ము చేసి వారం రోజులు మంచాన ఉన్నాడట. ఏడుపు ఆపుకుని ఒక్క మాట చెప్పింది. "సారూ, మా నాయిన ఆఖరుకు గూడ మిమ్మల్నే యాదిజేసిండు. ఆ మొదటి కాయితం ఏడుందో అడగమన్నడు."

ములుగు అవతల వాగు ఒడ్డున ఉన్న చిన్న కోయగూడేనికి ఆయన పెద్ద. నేను వరద కట్టల పని చూసే ఆఫీసులో సర్వేయర్‌ని. అవతలి ఒడ్డున బజారున్న ఊరికి కట్ట వేయాలని మా ప్లాను. అట్లా వేస్తే నీళ్లన్నీ గూడెం మీదికి తిరుగుతాయి. ఆ సంగతి మా మ్యాపులో లేదు, ఆయన ఇంటి గుంజ మీద ఉంది. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గొడ్డలితో గాటు పెట్టుకున్నాడు. నన్ను దాని పక్కన నిలబెడితే నా రొమ్ము దాకా వచ్చింది. "కట్ట వద్దంటలేను సారూ. రెండు దిక్కులా కట్టున్రి," అన్నాడు.

అక్కడ గ్రామసభ ఒప్పుకోనిదే పని మొదలుపెట్టకూడదు. మొదటి సభ రోజు వాన. జనం చెదిరిపోతుంటే రాసే టైం లేక, తెల్ల కాగితం అడుగున వేలిముద్రలు తీసుకున్నాను. "హాజరుకే పటేలా," అన్నాను. నమ్మి వేశాడు. మా డ్యూటీలో అది మామూలే, తప్పని కూడా తోచలేదు.

తర్వాత పక్క గూడెంలో హాజరు కాగితమే ఒప్పుకోలు కాగితమైందని ఆయన చెవిన పడింది. ఇక అంతే. ఏ కాగితమైనా ఇద్దరి చేత వేర్వేరుగా చదివించేవాడు. "ఒక్క నోరు సదివితె మాట, రెండు నోర్లు సదివితెనే కాయితం," అనేవాడు. ఆఖరి అక్షరానికి ఆనుకునేటట్టు వేలు నొక్కేవాడు. నేను తెచ్చిన టీ కూడా ముందు నన్ను తాగమనేవాడు. నాకు ఒళ్లు మండేది. అయినా ఒకసారి నేను వాగులో దిగబోతుంటే నీళ్ల రంగు చూసి వరదొస్తోందని పసిగట్టి చేయి పట్టి లాగింది ఆయనే. ఈ స్మృతి రాయడానికి నేను మిగిలింది ఆ చేతి వల్లనే.

ఏళ్లు గడిచాయి. ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగింది, ప్రతిచోటా ఏదో ఒక కొర్రీ. గిరిజనుల అభ్యంతరం వల్లే ఆలస్యమని పేపర్లో పడింది. ఆయన దాన్నీ రెండుసార్లు చదివించుకున్నాడు. "మమ్ముల అడగనీకె ఎవలన్న వచ్చిన్రా? మీ టేబుల్ మీద పండుకున్న ఫైలును మా నెత్తిన రుద్దుతాన్రు," అని నవ్వాడు. వెళ్లిన ప్రతిసారీ మొదటి కాగితం ఏడుందని అడిగేవాడు. "ఫైల్లో భద్రంగ ఉంది, ఫికర్ చెయ్యకు," అనేవాణ్ణి. ఒక్కసారైనా తీసి చూడలేదు.

ఆయన పోయిన మర్నాడు, మా ఆఫీసుకే తిరిగొచ్చి ఉన్న ఆ ఫైలు తీసి చూశాను. భద్రంగానే ఉంది. అడుగున ఆయన వేలిముద్ర. పైన నేను వదిలిన ఖాళీలో, నాది కాని చేతిరాత. అవతలి ఒడ్డు కట్టకు గూడెమంతా సమ్మతించిందట.

ఎవరు రాశారో ఇప్పటికీ తెలియదు. పక్క సీట్ల రాతలన్నీ పోల్చి చూశాను. ఆఫీసులో ఎవరు టీ ఇచ్చినా ముందు వాళ్లను తాగమనాలనిపిస్తోంది. "ఇది హాజరు కాగితం మాత్రమే, తీసుకున్నది నేనే" అని రాసి, సంతకం చేసి పైకి పంపాను. ఫైలు మళ్లీ ఆగింది. నాకు నోటీసు వచ్చింది.

దినాల నాడు గూడేనికి వెళ్లి ఆయన కూతురికి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "రాసిచ్చిన్రా?" అంది. నకలు చేతిలో పెట్టాను. మెల్లగా చదివింది. చదివి పక్కింటామెకు ఇచ్చింది. ఆమె మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవసాగింది. అయ్యేదాకా నేను గుంజ దగ్గరే నిలబడ్డాను, రొమ్ము ఎత్తున ఆ గాటు పక్కన.